ఆడవాళ్లకి ఏ గోల్ఫ్ కోర్సు నయం? అమెరికాలో మున్సిపల్, రిసార్ట్ కోర్సుల పోలిక

గోల్ఫ్ పత్రికల్లో వచ్చే "టాప్ 100" జాబితాలు చూసి ఎక్కడ ఆడాలో తేల్చుకోవద్దని నా స్నేహితురాళ్లందరికీ చెబుతుంటాను. ఆ జాబితాలు తప్పని కాదు. అవి ఎక్కువగా వెనక టీల (ఒక్కో హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటుని టీ అంటారు, ముందూ వెనకగా కొన్ని ఉంటాయి) దగ్గర నిలబడి, బంతిని 250 గజాలు కొట్టగలిగే ఆటగాడి చూపుతో రాసినవి. 150 గజాలు కొట్టే ఆమెకి ఆ నేలే పూర్తిగా వేరే కోర్సు. ఆయన సరదాగా దాటించేసే వాగు ఆమెకి ప్రతిసారీ బంతిని మింగేస్తుంది. ఆయన దగ్గరి షాట్లకి వాడే ఎయిట్ ఐరన్ తీసే చోట ఆమె చేతిలో ఇంకా దూరం కొట్టే త్రీ వుడ్డే ఉంటుంది.

ఇక్కడ రాస్తున్నది డబ్బు కట్టి ఎవరైనా ఆడగలిగే కోర్సుల గురించి మాత్రమే. నగరమో రాష్ట్రమో నడిపే మున్సిపల్ కోర్సులు, హోటల్‌తో కలిసి ఉండే రిసార్ట్ కోర్సులు, సభ్యులతో పాటు బయటివాళ్లకీ కొన్ని టైములు ఇచ్చే సెమీ ప్రైవేట్ కోర్సులు ఇందులోకి వస్తాయి. ఫ్రిస్కో, ప్లేనో, కేరీ, ఫ్రీమాంట్ లాంటి చోట్ల స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరూ గోల్ఫ్ నేర్చుకుంటున్న ఇళ్లు నాకు తెలుసు. అక్కడ కూడా సెలవులకి ఏ కోర్సుకి వెళ్లాలో ఎక్కువగా ఆయనే బుక్ చేస్తారు. ఈసారి ఆ పని మీరు చేయండి. అందుకు కావలసిన లెక్క పెద్దదేం కాదు.

ముందు మీ గజాలు

2011లో యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం), పీజీఏ ఆఫ్ అమెరికా (గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం) కలిసి "టీ ఇట్ ఫార్వర్డ్" అని ఒక ప్రచారం చేశాయి. డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) మీరు సగటున ఎంత దూరం కొడతారో దాన్నిబట్టి 18 హోల్స్ మొత్తం పొడవు ఎంత ఉండాలో అందులో చెప్పారు. 200 గజాలు కొట్టేవాళ్లకి 5,200 నుంచి 5,400. 175 కొట్టేవాళ్లకి 4,400 నుంచి 4,600. 150 కొట్టేవాళ్లకి 3,500 నుంచి 3,700 గజాలు. నా దృష్టిలో గోల్ఫ్ ఆడే ప్రతి స్త్రీ ఫోన్‌లో దాచుకోవలసిన అంకెలివి.

ఈ 150 అనేది ఏదో కొత్తగా నేర్చుకునేవాళ్ల లెక్క అనుకోవద్దు. కోర్సులకి రేటింగ్ ఇచ్చేటప్పుడు అధికారికంగా ఒక మామూలు ఆటగత్తెని ఊహించుకుంటారు. ఆమెని "బోగీ గోల్ఫర్" అంటారు. ఆమె టీ షాట్ 150 గజాలు పోతుందని, రెండు షాట్లలో 280 గజాల దూరంలో ఉన్న గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి జాగా) అందుకోగలదని ఆ నిర్వచనం చెబుతుంది. అదే మగ బోగీ గోల్ఫర్ అయితే 200 గజాలు, రెండు షాట్లలో 370.

ఇప్పుడు ఏదైనా కోర్సు స్కోర్‌కార్డ్ తీసి చూడండి. అన్నిటికన్నా ముందున్న టీ నుంచి 5,000 గజాల చుట్టూ ఉండడం చాలా మామూలు. అంటే 3,600 గజాలు సరిపోయే మనిషిని 5,000 ఆడమంటున్నారు. ఇదే అన్యాయం 225 గజాలు కొట్టే మగవాడికి చేస్తే ఎలా ఉంటుందో లెక్క వేశాను. ఆయనకి 5,900 సరిపోతుంది. అదే నిష్పత్తిలో పెంచితే 8,000 గజాలు దాటుతుంది. 2017లో ఎరిన్ హిల్స్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌ని ఆ టోర్నమెంట్ చరిత్రలోనే అతి పొడవైన కోర్సు మీద ఆడించారు, అది కూడా 7,900 దాటలేదు. వారాంతంలో సరదాకి ఆడే మనిషిని ఎవరూ 8,000 గజాల కోర్సు మీదకి పంపరు. మనల్ని మాత్రం ప్రతి శనివారం పంపుతూనే ఉన్నారు. పైగా "ఆడవాళ్లు ఆట లేటు చేస్తారు" అన్న మాట కూడా మనమే పడాలి.

ఒక హోల్ తీసుకుని చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ముందు టీ నుంచి 340 గజాల పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించవలసిన హోల్. మీరు రెండు షాట్లూ చక్కగా కొట్టారు, 280 వచ్చారు. ఇంకా 60 గజాలు మిగిలాయి. మూడో షాట్ గ్రీన్ మీద పడితే, ఒక్క పట్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్) ముగిస్తేనే పార్. తప్పు ఒక్కటీ లేకుండా ఆడినా పార్ మీద ఆశ అంతే. ఇలాంటి హోల్స్ పదో పన్నెండో వరసగా వస్తే ఆట మీద ఇష్టం ఎలా నిలుస్తుంది? కాబట్టి కార్డ్ చూసేటప్పుడు మొత్తం పొడవు కన్నా పార్ 4ల పొడవు చూడండి. 280 లోపు ఉన్నవి ఎన్ని? కనీసం సగమైనా ఉంటే ఆ కోర్సు కట్టినవాళ్లు మన గురించి ఆలోచించారని అర్థం.

దాటించక తప్పని చోట్లు

పొడవు తర్వాత చూడవలసింది క్యారీ, అంటే బంతి గాల్లోనే దాటవలసిన దూరం. 150 గజాల డ్రైవ్‌లో చివరి కొంత దూరం బంతి దొర్లుతుంది. గాల్లో వెళ్లేది 130 ఉంటే గొప్ప. టీ ముందు 120 గజాల చెరువు ఉంటే మగవాళ్లు దాన్ని గమనించను కూడా గమనించరు. మనకి మాత్రం గుండె దడ మొదలవుతుంది, భుజాలు బిగుసుకుంటాయి, బంతి నీళ్లలోకి పోతుంది.

అలాగని క్యారీ ఉన్న ప్రతి కోర్సునీ కొట్టిపారేయక్కర్లేదు. పక్కనుంచి దారి ఉందా అన్నదే ప్రశ్న. మంచి డిజైనర్ నేరుగా దాటించే ధైర్యం ఉన్నవాళ్లకి లాభం ఇస్తాడు, చుట్టూ వెళ్లేవాళ్లకి ఒక షాట్ ఎక్కువైనా దారి వదులుతాడు. గ్రీన్ ముందు భాగం తెరిచి ఉందా, బంకర్లతో మూసేశారా అన్నది కూడా ఇంతే ముఖ్యం. మన బంతి హైబ్రిడ్, ఫెయిర్‌వే వుడ్ లాంటి దూరం కొట్టే క్లబ్‌తో తక్కువ ఎత్తులో వస్తుంది. నేల గట్టిగా ఉండి ముందు తెరిచి ఉంటే దొర్లుకుంటూ గ్రీన్ ఎక్కుతుంది. బంకర్ అడ్డంగా ఉంటే ఎంత బాగా కొట్టినా ఇసుకే గతి.

ఈ విషయంలో ఆలిస్ డైని తలుచుకోవాలి. భర్త పీట్ డైతో కలిసి కోర్సులు డిజైన్ చేసిన ఆవిడ అమెరికా గోల్ఫ్ కోర్సు ఆర్కిటెక్టుల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు. ఆడవాళ్లకి సరైన చోట ముందు టీలు కట్టాలని ఏళ్ల తరబడి వాదించారు. ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్‌లో నీళ్ల మధ్య ద్వీపంలా ఉండే 17వ హోల్ గ్రీన్, ప్రపంచమంతా టీవీలో చూసే ఆ హోల్, ఆవిడ ఆలోచనే. క్యారీని ఎలా వాడాలో, ఎవరి దగ్గర ఎంత అడగాలో తెలిసిన మనిషి ఆవిడ.

స్కోర్‌కార్డ్ మీద ఇంకో ఆనవాలు ఉంటుంది. ప్రతి టీకి మగవాళ్లకి వేరుగా, ఆడవాళ్లకి వేరుగా రేటింగ్, స్లోప్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెలు) ఇవ్వవచ్చు. స్లోప్ 55 నుంచి 155 వరకు ఉంటుంది, 113 అంటే మామూలు కష్టం. స్లోప్ పెరిగేకొద్దీ మంచి ఆటగాళ్లకన్నా మామూలు వాళ్లకి ఎక్కువ దెబ్బ తగులుతుందని అర్థం. ముందు టీ నుంచి కూడా ఆడవాళ్ల స్లోప్ 130 దాటిందంటే అక్కడ వాగులో, చెరువులో, అడవో కాచుకుని ఉన్నాయని ముందే అనుకోండి. ఇంకో సంగతి, ఆడవాళ్ల రేటింగ్ ఒక్క టీకే ఇచ్చారా, రెండు మూడు టీలకి ఇచ్చారా చూడండి. ఒక్కదానికే ఇస్తే "మీరందరూ అక్కడే ఆడాలి" అని ముందే తేల్చేసినట్టు. 190 కొట్టే అమ్మాయికీ, 130 కొట్టే ఆవిడకీ ఒకటే టీ ఎలా సరిపోతుంది?

మున్సిపల్ కోర్సులు: చవక, దగ్గర, కానీ అన్నీ మనకోసం కాదు

వారం వారం ఆడే ఆట మున్సిపల్ కోర్సులోనే ఆడాలి. ఆ ఊళ్లో ఉండేవాళ్లకి ఫీజు బాగా తగ్గుతుంది. సాయంత్రం ట్వైలైట్ రేటు ఇంకా తక్కువ. తొమ్మిది హోల్స్ ఆడి పిల్లల్ని తెచ్చుకునే వేళకి ఇంటికి రావచ్చు. వారం మధ్యలో ఉదయం వెళితే రిటైరైన పెద్దవాళ్లు కలుస్తారు. వాళ్లంత ఓపికగా కలిసి ఆడేవాళ్లు నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

కానీ పేరున్న మున్సిపల్ కోర్సులన్నీ ఒకలాంటివి కావు. న్యూయార్క్ రాష్ట్రం నడిపే బెత్‌పేజ్ బ్లాక్ సంగతి చూడండి. 2002, 2009 యూఎస్ ఓపెన్‌లు, 2019 పీజీఏ ఛాంపియన్‌షిప్, 2025 రైడర్ కప్ అన్నీ అక్కడ జరిగాయి. ప్రభుత్వ కోర్సు కాబట్టి ఎవరైనా ఆడవచ్చు, న్యూయార్క్ వాళ్లకి ఫీజు కూడా అందుబాటులోనే ఉంటుంది. అయితే అక్కడ కార్ట్ ఇవ్వరు, నడవాలి. బాగా ఆడేవాళ్లు తప్ప దిగవద్దని మొదటి టీ దగ్గరే బోర్డు పెట్టారు. అన్నిటికన్నా ముందున్న టీ నుంచి కూడా 6,000 గజాలు దాటుతుంది. ఎల్‌పీజీఏ (మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) అమ్మాయిలు ఆడే కోర్సులు ఇంచుమించు అంతకి కొంచెమే ఎక్కువ ఉంటాయి. కాబట్టి 200 గజాలు నికరంగా కొట్టలేని స్త్రీకి నేను బ్లాక్ సిఫారసు చేయను, ఎంత పేరున్నా సరే. అదే ఆవరణలో రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో అని ఇంకో నాలుగు కోర్సులున్నాయి. న్యూజెర్సీ, లాంగ్ ఐలండ్ వైపు మన వాళ్లు గ్రీన్‌తోనో ఎల్లోతోనో మొదలుపెడితే అదే చెట్ల మధ్య హాయిగా ఒక పూట గడుస్తుంది.

శాన్ డియేగో నగరానిది టోరీ పైన్స్. అక్కడ రెండు కోర్సులు. 2008, 2021 యూఎస్ ఓపెన్‌లు జరిగిన సౌత్ కోసం అందరూ ఎగబడతారు. నేనైతే నార్త్ ఎంచుకోమంటాను. 2016లో టామ్ వైస్‌కాఫ్ దాన్ని మార్చి కట్టినప్పుడు గ్రీన్లు పెద్దవి చేశారు, బంకర్లు తగ్గించారు. మన లాంటి తక్కువ ఎత్తు షాట్లకి ఆ రెండు మార్పులూ కలిసొస్తాయి. సముద్రం అక్కడినుంచీ అంతే బాగా కనిపిస్తుంది. సౌత్‌లో పొడవు మీద పొడవు, దాని మీద తడిసిన మందపాటి రఫ్, అంటే పక్కల పెరిగిన గడ్డి. అందులోంచి బంతిని బయటికి తీయడానికి మణికట్టు బలం కావాలి. ఆ కష్టం కోసం బయటి ఊరివాళ్లు ఎక్కువ డబ్బు కట్టడం నాకు సబబుగా అనిపించదు.

మున్సిపల్ కోర్సుల్లో ఇబ్బందులు కూడా చెప్పాలి. 18 హోల్స్ మొత్తానికి రెండే బాత్రూమ్‌లు ఉండడం మామూలే, అందులో ఒకటి తాత్కాలికంగా నిలబెట్టిన డబ్బా కావచ్చు. నాలుగైదు గంటల ఆటలో ఇది చిన్న విషయం కాదు. నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, నడి వయసు దాటాక ఇది మరీ ముఖ్యం. బుక్ చేసేముందు ఫోన్ చేసి ఏ హోల్స్ దగ్గర బాత్రూమ్‌లున్నాయో అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండోది, ఒంటరిగా వెళితే ముక్కూమొహం తెలియని ముగ్గురితో కలుపుతారు. చాలాసార్లు మంచివాళ్లే దొరుకుతారు. కానీ ఒక కోర్సులో స్టార్టర్ (మొదటి టీ దగ్గర ఆట మొదలుపెట్టించే ఉద్యోగి) నా వైపు చూసి, నాతో వచ్చిన మగమనిషి ఎవరని అడిగాడు, నా పేరు మీదే బుకింగ్ ఉన్నా. అక్కడికి మళ్లీ వెళ్లలేదు. ఆ చిరాకు లేకుండా ఆడాలంటే ఎల్‌పీజీఏ అమెచ్యూర్స్ అనే మహిళా గోల్ఫర్ల సంఘానికి ఊరూరా శాఖలున్నాయి, చేరండి. కలిసి ఆడే నలుగురు ఆడవాళ్లు దొరికితే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఫ్రిస్కో: మన ఇంటి పక్కనే ఉన్న రిసార్ట్

డాలస్ ఉత్తరాన ఉండే తెలుగువాళ్లకి ఓమ్ని పీజీఏ ఫ్రిస్కో రిసార్ట్ పరాయి చోటేం కాదు, చాలామందికి పావుగంట దూరం. పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం కూడా ఇప్పుడు అక్కడే. ఫీల్డ్స్ రాంచ్ పేరుతో 2023లో రెండు కోర్సులు తెరిచారు. ఈస్ట్‌ని గిల్ హాన్స్ కట్టారు, వెస్ట్‌ని బో వెల్లింగ్ కట్టారు.

2025 జూన్‌లో కేపీఎమ్‌జీ మహిళా పీజీఏ ఛాంపియన్‌షిప్ ఈస్ట్ మీద జరిగింది. టెక్సస్ ఎండ, దానికి తోడు నాలుగు రోజులూ గాలి. మింజీ లీ నాలుగు అండర్‌తో (పార్ కన్నా నాలుగు షాట్లు తక్కువ) గెలిచింది. మొత్తం పోటీలో పార్ కన్నా తక్కువ కొట్టింది ముగ్గురే. ప్రపంచంలోకెల్లా బాగా ఆడే అమ్మాయిల సంగతే అలా ఉంటే ఈస్ట్ ఎలాంటి కోర్సో వేరే చెప్పక్కర్లేదు. ఛాంపియన్‌షిప్‌ల కోసమే కట్టిన కోర్సు అది, ప్యాంథర్ క్రీక్ పలుచోట్ల అడ్డం వస్తుంది. ఎవరైనా చుట్టాలొచ్చి "టీవీలో చూసిన చోటే ఆడదాం" అంటే తప్ప మీ సొంత డబ్బుతో మొదటి రౌండ్ వెస్ట్ మీద ఆడండి.

నన్నడిగితే అసలు ఆకర్షణ ఈ రెండూ కాదు. ది స్వింగ్ అని పది హోల్స్ పార్ 3 కోర్సు ఉంది, రాత్రిపూట లైట్ల వెలుగులో ఆడవచ్చు. ది డాన్స్ ఫ్లోర్ అని రెండెకరాల పట్టింగ్ మైదానం ఉంది. డాలస్ వేసవిలో పగలు పన్నెండింటికి కోర్సు మీద ఉండడం ఆరోగ్యానికి మంచిది కాదు. చీకటి పడ్డాక, ఆఫీసు పనయ్యాక, దగ్గరి షాట్లకి వాడే రెండు వెడ్జ్‌లూ ఒక పట్టర్ పట్టుకుని పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి ఆడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు పెద్ద కోర్సు మీద ఐదు గంటలు అవస్థ పడే బదులు పదిసార్లు ఇక్కడికి రావడం మేలు. పార్ 3 కోర్సులో మనకీ మగవాళ్లకీ తేడా దాదాపు చెరిగిపోతుంది. బలం కన్నా చెయ్యి తిరగడం ముఖ్యం అక్కడ.

పైన్‌హర్స్ట్ వైపు వెళితే

నార్త్ కరోలినాలోని కేరీ, మోరిస్‌విల్ నుంచి కారులో గంటంపావు, గంటన్నరలో చేరే ఈ ఇసుక నేలల ప్రాంతం ఆడవాళ్ల గోల్ఫ్‌కి అమెరికాలోనే అన్నిటికన్నా మంచి గమ్యం అని నా గట్టి నమ్మకం.

అందరికీ తెలిసిన పేరు పైన్‌హర్స్ట్ నంబర్ 2. డోనాల్డ్ రాస్ 1907లో కట్టారు. 2014లో అక్కడ ఒక అపూర్వమైన పని చేశారు. మగవాళ్ల యూఎస్ ఓపెన్ అయిన మరుసటి వారమే అదే కోర్సు మీద ఆడవాళ్ల యూఎస్ ఓపెన్ పెట్టారు. మొదటిది మార్టిన్ కైమర్, రెండోది మిషెల్ వీ గెలిచారు. కోర్సు అదే, టీలు మాత్రం దాదాపు 900 గజాలు ముందుకి. గ్రీన్ మీదకి ఇద్దరూ దాదాపు ఒకే క్లబ్‌తో కొట్టేలా దూరాలు సర్దారు. ముందు టీ అంటే ఆటని సులువు చేయడమని అనుకునేవాళ్లకి ఆ రెండు వారాలూ చూపించాలి. సమానంగా ఆడించడమంటే అదే.

మామూలు స్త్రీకి నంబర్ 2 ఎలా ఉంటుంది? ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ వైపు పొట్టిగా కోసిన గడ్డి దారులు) వెడల్పు, నీటి అడ్డంకులు దాదాపు లేవు, బంతి నేల మీద బాగా దొర్లుతుంది. 2010, 2011లో కూర్, క్రెన్‌షా అనే డిజైనర్లు కలిసి దట్టమైన రఫ్‌ని తీసేసి పాత ఇసుక, గడ్డి దుబ్బుల్ని తిరిగి తెచ్చారు. ఇంతవరకూ మనకి బాగానే ఉంది. గ్రీన్ల దగ్గరికి వచ్చాక కథ మారుతుంది. అవి బోర్లించిన మూకుడులా ఉంటాయి, గ్రీన్ ఎక్కిన బంతి మెల్లగా పక్కకి జారి కిందికి దిగిపోతుంది. చిప్పింగ్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) బాగా వచ్చినవాళ్లకి ఇది పండగ. రానివాళ్లు ఒక్కో గ్రీన్ చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఫీజు ఎక్కువ, మామూలుగా రిసార్ట్‌లో బస చేసినవాళ్లకే టైములు దొరుకుతాయి. హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 25 లోపు ఉంటే వెళ్లండి. లేదంటే అదే ఆవరణలో ది క్రేడిల్ ఉంది. తొమ్మిది హోల్స్ కలిపి 789 గజాలు. అక్కడ నవ్వుకుంటూ ఆడుకోండి.

నా మొదటి ఓటు మాత్రం పక్కనే సదరన్ పైన్స్‌లో ఉన్న పైన్ నీడిల్స్‌కి. ఇదీ డోనాల్డ్ రాస్ కోర్సే, 1928 నాటిది. 1953లో పెగ్గీ కర్క్ బెల్, ఆవిడ భర్త దీన్ని తీసుకున్నారు. పెగ్గీ స్వయంగా ఛాంపియన్, అంతకన్నా గొప్ప టీచర్. ఆడవాళ్ల కోసమే "గోల్ఫారీ" పేరుతో ఆవిడ పెట్టిన శిక్షణ శిబిరాలకి దేశం నలుమూలల నుంచీ స్త్రీలు వచ్చేవారు. 2016లో ఆవిడ పోయాక 2019లో ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. యూఎస్ మహిళా ఓపెన్ ఇక్కడ నాలుగుసార్లు జరిగింది. 1996లో అనికా సోరెన్‌స్టామ్, 2001లో కారీ వెబ్, 2007లో క్రిస్టీ కెర్, 2022లో మింజీ లీ గెలిచారు.

ఈ చరిత్ర గోడ మీద ఫొటోల కోసం చెప్పడం లేదు. ఒక స్త్రీ దశాబ్దాల పాటు తన సొంత చోటుగా నడిపిన కోర్సులో ఆడవాళ్లు అతిథులుగా కాక ఇంటివాళ్లుగా తిరుగుతారు. ఒంటరిగా వచ్చిన స్త్రీని ఎవరూ వింతగా చూడరు. కోర్సు కూడా నంబర్ 2 కన్నా మెత్తనిది. గ్రీన్లు ఎక్కడం కష్టమే అయినా ముందు తెరిచి ఉంటాయి, దొర్లించి ఎక్కించవచ్చు. ఖర్చు నంబర్ 2 కన్నా తక్కువ. రోడ్డుకి అవతల మిడ్ పైన్స్ అని రాస్‌దే ఇంకో కోర్సు ఉంది, రెండూ కలిపి రెండు రోజులు పెట్టుకోవచ్చు. స్నేహితురాళ్లు నలుగురు కలిసి మొదటిసారి గోల్ఫ్ ట్రిప్ వేస్తుంటే ఇంకేం ఆలోచించకుండా ఇక్కడికి వెళ్లండి.

పశ్చిమ తీరం: పెబుల్ బీచ్, పాసటియెంపో, బాండన్

కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ 1919లో మొదలైంది, మహిళా యూఎస్ ఓపెన్ అక్కడ తొలిసారి జరగడానికి మాత్రం 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అలిసెన్ కోర్పస్ గెలిచింది. ఆ కోర్సు అందం గురించి విన్నదంతా నిజమే. 7వ హోల్ వెనక టీ నుంచి కూడా నూటపది గజాల లోపే, అక్కడ మనకీ పార్ మీద అందరితో సమానంగా హక్కుంది. 8వ హోల్లో రెండో షాట్ సముద్రం కోసేసిన అగాధం మీదుగా కొట్టాలి. దాటించలేననిపిస్తే ఎడమవైపు నేల ఉంది, చుట్టూ తిరిగి వెళ్లవచ్చు. గ్రీన్లు మాత్రం చాలా చిన్నవి. వుడ్‌తో కొట్టి వాటి మీద బంతిని ఆపడం కష్టం.

ఒక రౌండ్‌కి ఫీజే 600 డాలర్లు దాటింది. రిసార్ట్‌లో దిగకపోతే ఒక్క రోజు ముందు మాత్రమే బుక్ చేసుకోనిస్తారు. యాభయ్యో పుట్టినరోజుకో, పిల్లల చదువులు పూర్తయ్యాకో జీవితంలో ఒకసారి వెళ్లాలనుకుంటే వెళ్లండి, బాధపడరు. ఆట కోసమే అయితే ఆ డబ్బుతో వేరేచోట మూడు రౌండ్లు వస్తాయి.

అక్కడికి గంట దూరంలో శాంటా క్రూజ్‌లో ఉన్న పాసటియెంపో గురించి మన వాళ్లకి అంతగా తెలియదు. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లు తప్పకుండా చూడవలసిన కోర్సు. దాన్ని నిర్మించింది మారియన్ హాలిన్స్. 1921లో యూఎస్ మహిళా అమెచ్యూర్ గెలిచిన ఆవిడ తర్వాత స్థలాలు కొని, డబ్బు సమకూర్చి, డిజైనర్ అలిస్టర్ మెకంజీని పిలిచి 1929లో పాసటియెంపో తెరిచారు. స్త్రీలు గోల్ఫ్‌లో ఆడడమే గొప్ప అనుకున్న రోజుల్లో కోర్సు ఎక్కడ ఉండాలి, ఎవరు గీయాలి అన్నది ఆవిడ నిర్ణయించారు. మెకంజీ తన చివరి ఏళ్లు అక్కడే, 6వ ఫెయిర్‌వే పక్కన ఇల్లు కట్టుకుని గడిపారు. ఈ మధ్యనే కోర్సుని పాత రూపానికి తెచ్చారు. సెమీ ప్రైవేట్ కాబట్టి బయటివాళ్లకి రోజూ కొన్ని టైములుంటాయి.

సులువైన కోర్సని మాత్రం చెప్పను. రెండో సగంలో లోతైన వాగులు అడ్డం వస్తాయి, చివరి హోల్ వాగు దాటించవలసిన పార్ 3. 120 గజాలు గాల్లో నమ్మకంగా పంపలేకపోతే ఇంకో ఏడాది ఆగి వెళ్లండి. పొడవు తక్కువ, ఆలోచన ఎక్కువ కావలసిన కోర్సు. బంతి ఎక్కడ పడాలో ముందే నిర్ణయించుకుని ఆడే స్త్రీ ఇక్కడ తనకన్నా 60 గజాలు ఎక్కువ కొట్టే భర్తని ఓడించగలదు.

ఇక ఒరెగన్ తీరంలోని బాండన్ డ్యూన్స్. 1999లో మొదటి కోర్సు తెరిచారు, తర్వాత పసిఫిక్ డ్యూన్స్, బాండన్ ట్రెయిల్స్, ఓల్డ్ మెక్‌డొనాల్డ్, షీప్ రాంచ్ వచ్చాయి. కార్ట్‌లు లేవు. వైద్య కారణం ఉంటే తప్ప అందరూ నడవాల్సిందే. దూరప్రయాణం, చలిగాలి, రోజుకి ఎనిమిది తొమ్మిది మైళ్ల నడక వినగానే చాలామంది ఆడవాళ్లు ఇది మగవాళ్ల బృందాల కోసం అనుకుని వదిలేస్తారు. నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఫెయిర్‌వేలు చాలా వెడల్పు, నీటి మడుగులు దాదాపు లేవు, నేల గట్టిగా ఉండి మన బంతి ఇంకో ఇరవై ముప్పై గజాలు ఉచితంగా దొర్లుతుంది. తక్కువ ఎత్తులో పోయే షాట్‌ని గాలి పెద్దగా ఏమీ చేయలేదు. ఆకాశానికి కొట్టే మగవాళ్లే అక్కడ ఎక్కువ అవస్థ పడతారు.

2025 ఆగస్టులో యూఎస్ మహిళా అమెచ్యూర్ బాండన్ డ్యూన్స్‌లోనే జరిగింది. న్యూజెర్సీలో పెరిగిన భారతీయ సంతతి అమ్మాయి మేఘా గన్నే గెలిచింది. ఇంట్లో గోల్ఫ్ ఆడే ఆడపిల్లలుంటే ఆ ఫైనల్ వీడియోలు చూపించండి.

బాండన్‌లో నడక భయం ఉన్నవాళ్లకి రెండు సలహాలు. కేడీని పెట్టుకోండి. బ్యాగు మోయడం కన్నా గాలిని చదివి ఏ క్లబ్ తీయాలో చెప్పడమే వాళ్ల అసలు సాయం. రెండోది, రోజుకి ఒకే పెద్ద రౌండ్. మధ్యాహ్నం ప్రిజర్వ్ అనే 13 హోల్స్ పార్ 3 కోర్సో, 2024లో తెరిచిన షార్టీస్ అనే 19 హోల్స్ చిన్న కోర్సో ఆడితే చాలు.

బుక్ చేసేముందు ఫోన్‌లో అడగవలసినవి

ప్రో షాప్‌కి (కోర్సులో బుకింగ్ చూసే కౌంటర్) ఫోన్ చేసి, అన్నిటికన్నా ముందు టీ నుంచి ఎన్ని గజాలు, ఆ టీకి వెనకున్న టీలకి కూడా ఆడవాళ్ల రేటింగ్ ఉందా అని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పారంటే మంచి కోర్సు. అద్దె క్లబ్‌లలో ఆడవాళ్ల సెట్ ఉందో, ఎన్ని సెట్లున్నాయో కనుక్కోండి, ఎడమ చేతివాటం అయితే అదీ ముందే చెప్పండి. చాలా మున్సిపల్ కోర్సుల్లో మగవాళ్ల గట్టి కర్ర ఉన్న క్లబ్‌లే చేతిలో పెడతారు, వాటితో మీ దూరం ఇంకా తగ్గుతుంది. వాన పడిన మరునాడైతే కార్ట్‌లని దారి దాటి గడ్డి మీదకి రానిస్తారా అడగండి. రానివ్వకపోతే ప్రతి షాట్‌కీ దారి నుంచి బంతి దాకా రెండు మూడు క్లబ్‌లు చేత్తో పట్టుకుని నడవాలి, అలాంటి రోజు వాయిదా వేసుకోవడం నయం. శాకాహారులైతే మధ్యలో దొరికేది హాట్ డాగ్, చిప్స్ తప్ప ఏమీ ఉండకపోవచ్చు. బయటి తిండి తెచ్చుకోనిస్తారో లేదో కనుక్కుని, ఒప్పుకుంటే పులిహోర డబ్బా పెట్టుకోండి.

ముందు టీ కూడా మీకు మరీ పొడవనిపిస్తే, సరదా రౌండ్‌లో పార్ 4, పార్ 5లకి ఫెయిర్‌వే మొదలయ్యే చోట బంతి పెట్టుకుని మొదలుపెట్టండి. ఆ స్కోరు హ్యాండిక్యాప్‌కి పంపకండి, అంతే. వెనకున్నవాళ్లకి ఆట త్వరగా నడుస్తుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు. కలిసి ఆడుతున్న మగవాళ్లు ఎవరైనా నొసలు చిట్లిస్తే వాళ్లని తర్వాతి హోల్ 8,000 గజాల లెక్కన ఎంతవుతుందో కొలిచి, అంత వెనక నుంచి కొట్టమనండి.